ఒకేలా కనిపించే వేట కార్ట్రిడ్జ్‌లు: అసలు తేడా ఎక్కడుంది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

రైఫిల్ కొనబోయే వాళ్లు వారాల తరబడి తల బద్దలు కొట్టుకునేది ఎక్కువగా .308 తీసుకోవాలా, .30-06 తీసుకోవాలా లాంటి విషయం దగ్గరే. ఈ జవాబులన్నిటి వెనకా నా అభిప్రాయం ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. దగ్గరి పోలికలున్న రెండు కార్ట్రిడ్జ్‌ల మధ్య తేడా కంటే, ఒకే కార్ట్రిడ్జ్‌లో వాడే రెండు బుల్లెట్ల మధ్య తేడా చాలాసార్లు పెద్దది.

ఇక్కడ కార్ట్రిడ్జ్ అంటే కేసు (మిగతావన్నీ పట్టి ఉంచే లోహపు గొట్టం), ప్రైమర్ (మందును అంటించేది), మందు, బుల్లెట్ కలిసిన మొత్తం రౌండు. బుల్లెట్ అంటే బ్యారెల్‌లోంచి బయటికి పోయే ముక్క మాత్రమే. బుల్లెట్ బరువులు గ్రెయిన్లలో ఇస్తున్నాను, పెట్టెల మీద అలాగే ఉంటాయి కాబట్టి (గ్రాముకు దాదాపు 15.4 గ్రెయిన్లు). వేగాలు మామూలు ఫ్యాక్టరీ లోడ్లవి, 24 అంగుళాల బ్యారెల్‌తో వచ్చేవి.

ఇన్ని కార్ట్రిడ్జ్‌లు ఎందుకున్నాయి? నిజంగా ఇన్ని కావాలా?

అక్కర్లేదు. జాబితా పొడుగ్గా కనిపిస్తుంది కానీ అందులో చాలావాటి మూలం రెండు మూడు కేసులే. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ కేసు మెడను సన్నం చేస్తే 1925లో .270 విన్‌చెస్టర్ వచ్చింది, 1957లో .280 రెమింగ్టన్ వచ్చింది. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్ కేసుకూ ఇదే జరిగింది: 1955లో .243 విన్‌చెస్టర్, 1980లో 7ఎంఎం-08 రెమింగ్టన్, 1997లో .260 రెమింగ్టన్. కేసు అదే, అందులో పట్టే మందు కూడా దాదాపు అంతే. మెడ సన్నబడేకొద్దీ బుల్లెట్ తేలికవుతుంది, వేగం పెరుగుతుంది, తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టడం) తగ్గుతుంది. మూలకేసు ఏదో తెలిస్తే ఆ కార్ట్రిడ్జ్ ఎలా నడుచుకుంటుందో సగం తెలిసినట్టే.

పేరులో ఉన్న అంకెల్ని బట్టి బుల్లెట్ సైజు చెప్పొచ్చా?

నమ్మకంగా చెప్పలేం. .270లో వాడే బుల్లెట్ వ్యాసం .277 అంగుళం. .280 రెమింగ్టన్, 7ఎంఎం-08, 7ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, ఈ మూడింటిలోనూ ఒకే .284 అంగుళం బుల్లెట్. .30-06లో 06 అనేది సంవత్సరం. 7ఎంఎం-08లో 08 మాత్రం సంవత్సరం కాదు, .308 కేసుకు గుర్తు. .30-30లో రెండో ముప్ఫై ఒకప్పుడు అందులో వేసిన మందు బరువు, .22-250లో 250 దాని మూలకేసైన .250 సావేజ్. ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టిన పేర్లివి.

యూరప్ పద్ధతి కాస్త నయం. 6.5×55 అంటే 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 55 మిల్లీమీటర్ల కేసు. చివర్లో ఆర్ అక్షరం ఉంటే ఆ కేసుకు అంచు ఉన్నట్టు. 7×57, 7×57ఆర్ ఒకటి కావు. మొదటిది బోల్ట్ రైఫిళ్లకు (చేత్తో బోల్ట్ అనే కడ్డీని వెనక్కి లాగి, ముందుకు తోసి రౌండు ఎక్కించేవి), రెండోది మడతపెట్టి తెరిచే తుపాకులకు.

.308, .30-06లలో ఏది మేలు?

ఎక్కువసార్లు అడిగేది ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

రెండింటిలోనూ ఒకే బుల్లెట్, .308 అంగుళం వ్యాసం. కేసు పొడవు .308కి 51 మిల్లీమీటర్లు, .30-06కి 63. అంత పొట్టి కేసుతో .308 దాదాపు అదే పని ఎలా చేస్తోందంటే, రెండు కారణాలు. 1906 నుంచి 1952 లోపల మందుల తయారీ బాగా మెరుగుపడింది. పైగా .308ను కాస్త ఎక్కువ ఒత్తిడికి డిజైన్ చేశారు. అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ లెక్కలో .308 గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .30-06ది 60,000.

మామూలు 150 గ్రెయిన్ల లోడుతో .308 సెకనుకు 860 మీటర్ల వేగం ఇస్తుంది, .30-06 దాదాపు 887 ఇస్తుంది. 180 గ్రెయిన్లతో 800, 823. అంటే తేడా మూడు శాతం. బుల్లెట్ గాల్లో పోతూ వేగం కోల్పోతుంది కదా, దాన్నిబట్టి లెక్క వేస్తే .308 ఒక దూరంలో చేసే పనిని .30-06 ఇంకో 30 గజాలు అవతల చేస్తుంది. ఆ 30 గజాల తేడాను జింక కనిపెట్టలేదు, చాలామంది వేటగాళ్లూ కనిపెట్టలేరు.

మరి .30-06 ఎందుకు? బరువైన బుల్లెట్ల కోసం. 200, 220 గ్రెయిన్ల బుల్లెట్లు పొడుగ్గా ఉంటాయి. .308లో వాటిని కేసు లోపలికి బాగా దింపాల్సి వస్తుంది, మందుకు చోటు తగ్గుతుంది. .30-06 కేసులో ఆ ఇబ్బంది లేదు. మూస్, ఎల్క్ (రెండూ భారీ జింక జాతులు), పెద్ద ఎలుగుబంటి లాంటి వాటి కోసం బరువైన బుల్లెట్ కావాలనుకునే వాళ్లకు ఇది నిజమైన లాభం. 150, 165 గ్రెయిన్లు దాటని వాళ్లకు .308 చాలు. ఒకే బుల్లెట్‌తో తన్ను కూడా కొంచెం తక్కువ, రైఫిల్ ఒక పిసరు పొట్టి.

ఈ రెండింట్లో ఒకటి ఇప్పటికే మీ దగ్గర ఉంటే రెండోది కొనడంలో అర్థం లేదు. అంత డబ్బు పెట్టాలనుంటే మంచి స్కోపు కొనండి, మిగిలింది ప్రాక్టీసుకు ఖర్చు చేయండి.

షార్ట్ యాక్షన్, లాంగ్ యాక్షన్ తేడా అంత ముఖ్యమా?

ప్రకటనల్లో చెప్పినంత కాదు. యాక్షన్ అంటే రౌండును చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటు) తోసి, కాల్చాక ఖాళీ కేసును బయటికి లాగే యంత్రభాగం. .308 కుటుంబం మొత్తం రౌండు పొడవు గరిష్ఠంగా 71 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, .30-06 కుటుంబం 85 దాకా వెళుతుంది. అందుకే రెండోదానికి పొడవైన యాక్షన్ కావాలి. షార్ట్ యాక్షన్‌లో బోల్ట్ ఒక సెంటీమీటరు పైచిలుకు తక్కువ వెనక్కి లాగాలి, రైఫిల్ కొన్ని పదుల గ్రాములు తేలిక. రోజంతా కొండ ఎక్కేవాళ్లకు ఆ గ్రాములు తెలుస్తాయి. కంగారులో బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగకపోవడం అనే పొరపాటు లాంగ్ యాక్షన్‌లో ఎక్కువ అంటారు, కానీ అది అలవాటుతో పోయేదే.

6.5 క్రీడ్‌మోర్, .260 రెమింగ్టన్, 6.5×55 స్వీడిష్: మూడూ ఒకటేనా?

జంతువు వైపు నుంచి చూస్తే ఒకటే. మూడూ .264 అంగుళం బుల్లెట్‌నే, ఇంచుమించు ఒకే వేగంతో పంపుతాయి. 140 గ్రెయిన్లకు సెకనుకు 800 మీటర్లు అటూ ఇటూ. తేడాలన్నీ రైఫిల్ వైపు ఉన్నాయి, పుట్టిన కాలంలో ఉన్నాయి.

6.5×55 పుట్టింది 1890లలో. స్వీడన్, నార్వే సైన్యాలు వాడాయి. ఆ రోజుల్లో బుల్లెట్ 156 గ్రెయిన్లు, గుండ్రటి ముక్కు, చాలా పొడవు. దాన్ని నిలకడగా తిప్పడానికి స్వీడిష్ మౌజర్ బ్యారెల్‌కు 200 మిల్లీమీటర్లకు ఒక చుట్టు చొప్పున వేగమైన ట్విస్ట్ (బుల్లెట్‌ను తిప్పే బ్యారెల్ లోపలి గాడుల మెలిక) పెట్టారు. అనుకోకుండా అదే నేటి పొడవైన సన్నటి బుల్లెట్లకు సరిగ్గా పనికొచ్చింది. దీనికున్న సమస్య పాత రైఫిళ్లే. ఎక్కడో ఒకచోట ఎవరో నూరేళ్ల నాటి క్రాగ్‌లోనో మౌజర్‌లోనో ఇదే కార్ట్రిడ్జ్ వేస్తారు కాబట్టి సామీ ఒత్తిడి పరిమితిని 51,000 పీఎస్ఐ దగ్గరే ఉంచింది. అందుకే అమెరికన్ ఫ్యాక్టరీ లోడ్లు మెత్తగా ఉంటాయి. యూరప్ లోడ్లు కొంచెం చురుగ్గా ఉంటాయి.

.260 రెమింగ్టన్ .308 కేసు నుంచి వచ్చింది, అందులో తప్పేమీ లేదు. కానీ కేసు పొడవు 51.7 మిల్లీమీటర్లు, పైన షార్ట్ మ్యాగజీన్ పరిమితి. మంచి పొడవైన బుల్లెట్ పెడితే అది కేసు లోపలికి దిగిపోవాలి. 2007లో హోర్నడీ అనే మందుగుండు కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మోర్ చక్కదిద్దింది సరిగ్గా దీన్నే. కేసును 48.8 మిల్లీమీటర్లకు తగ్గించి, భుజాన్ని (కేసు మెడ కింద వాలుగా వెడల్పయ్యే భాగం) 30 డిగ్రీలు చేసి, పొడవైన బుల్లెట్‌కు బయట చోటు మిగిల్చారు. పైగా తొలి నుంచీ ఈ రైఫిళ్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్ ఉండటం మామూలైపోయింది. కొత్తవాడు కొట్లోకి వెళ్లి ఏ రైఫిల్ తీసుకున్నా, ఏ పెట్టె తీసుకున్నా రెండూ కుదిరేలా చేశారు. క్రీడ్‌మోర్ గెలిచింది అక్కడే, వేగంలో కాదు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు క్రీడ్‌మోర్ సులువు. చేతిలో మంచి 6.5×55 ఉన్నవాళ్లు మారాల్సిన పని లేదు.

6.5 క్రీడ్‌మోర్ .308ను ఓడిస్తుందా?

గాలిలో, అవును. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి వీస్తుంటే 300 గజాల దగ్గర 6.5 క్రీడ్‌మోర్‌లోని 140 గ్రెయిన్ల తరగతి మంచి బుల్లెట్ దాదాపు 12, 13 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. .308లోని మామూలు 150 గ్రెయిన్ల బుల్లెట్ 20 దాకా పోతుంది.

కానీ ఈ పోలికలో ఒక మోసం ఉంది. ఒకవైపు గాలిని చీల్చుకుపోయేలా మలచిన బుల్లెట్, రెండోవైపు ఎప్పటిదో మొద్దు ముక్కు బుల్లెట్. .308లో కూడా 175, 180 గ్రెయిన్ల దగ్గర నున్నగా మలచిన బుల్లెట్ పెడితే తేడా సగానికి పైగా తగ్గిపోతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే సన్నటి పొడవైన బుల్లెట్‌కు గాలి నిరోధం తక్కువ, 6.5లో అలాంటి బుల్లెట్ తక్కువ బరువుకే దొరుకుతుంది. తన్ను తక్కువ కావడం కూడా క్రీడ్‌మోర్‌కు కలిసొస్తుంది.

కింద పడటంలో మాత్రం తేడా చాలామంది అనుకున్నంత లేదు. 200 గజాలకు గురి సరిచేసి 300 గజాల దగ్గర కాలిస్తే .308 (150 గ్రెయిన్లు) దాదాపు 22 సెంటీమీటర్లు, .30-06 (150), 6.5 క్రీడ్‌మోర్ (140) రెండూ 20 దగ్గర, .270 (130) 17 దగ్గర పడతాయి. వేటలో ఎక్కువ షాట్లు 200 గజాల లోపలే ఉంటాయి. అక్కడ ఈ నాలుగింటినీ విడదీసి చెప్పేంత తేడా లేదు.

.243 విన్‌చెస్టర్, 6ఎంఎం రెమింగ్టన్: దాదాపు ఒకటే అయినప్పుడు ఒకటి నిలిచి, ఇంకొకటి ఎందుకు మరుగున పడింది?

కార్ట్రిడ్జ్ పోలికల్లో నాకు బాగా ఇష్టమైన కథ ఇది. ట్విస్ట్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

1955లో రెండు కంపెనీలూ 6 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్‌లు తెచ్చాయి. విన్‌చెస్టర్‌ది .243, రెమింగ్టన్‌ది .244 రెమింగ్టన్. రెండింటి బుల్లెట్ వ్యాసమూ .243 అంగుళమే. నిజానికి రెమింగ్టన్ కేసులో మందు కాస్త ఎక్కువ పడుతుంది, కాగితం మీద అదే పైచేయి. అయితే రెమింగ్టన్ తన రైఫిళ్లకు 12 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్ పెట్టింది. కొనేవాళ్లు దీన్ని చిన్న జంతువుల మీద తేలిక బుల్లెట్లతో వాడతారని వాళ్ల అంచనా. విన్‌చెస్టర్ 10 అంగుళాలకు ఒకటి పెట్టింది. దాంతో .243లో 100 గ్రెయిన్ల బుల్లెట్ నిలకడగా పోయేది. జింకకూ, నక్కకూ ఒకే రైఫిల్ కావాలనుకున్న జనం అటు వెళ్లిపోయారు.

1963లో రెమింగ్టన్ ట్విస్ట్‌ను 9 అంగుళాలకు మార్చి, పేరును 6ఎంఎం రెమింగ్టన్ చేసి మళ్లీ తెచ్చింది. కేసు అదే. అప్పటికే ఆలస్యమైంది. కార్ట్రిడ్జ్‌లో ఏ లోపమూ లేకుండా, బ్యారెల్‌లోని గాడుల వల్ల ఓడిపోయింది.

అంటే ట్విస్ట్ కూడా చూసుకుని కొనాలా?

తప్పకుండా చూడాలి. బుల్లెట్ ఎంత పొడవైతే అంత వేగంగా తిప్పాలి. ఇక్కడ లెక్క పొడవుది, బరువుది కాదు. చాలని ట్విస్ట్‌లో పొడవైన బుల్లెట్ వేస్తే గురి చెదురుతుంది, మరీ తక్కువైతే కాగితానికి అడ్డంగా తగిలి తాళం చెవి ఆకారంలో రంధ్రం పడుతుంది. పాత .223 రైఫిళ్లు చాలావాటికి 12 అంగుళాల ట్విస్ట్, ఇప్పటివాటికి 7 నుంచి 9. ఒకే పేరున్న రెండు రైఫిళ్లు ఒకే పెట్టెతో వేర్వేరుగా కాల్చడానికి ఇదే ముఖ్య కారణం. ట్విస్ట్ ఎంతో బ్యారెల్ మీద గానీ కంపెనీ వివరాల్లో గానీ ఉంటుంది.

జింకకు .243 సరిపోతుందా? కొత్తగా నేర్చుకునే వాళ్లకు అదే మంచిదంటారు కదా?

సరిపోతుంది. 100 గ్రెయిన్ల సరైన వేట బుల్లెట్‌తో, పక్క నుంచి ఊపిరితిత్తుల మీద గురి పెట్టి కాలిస్తే మధ్య సైజు జింకకు అది చాలు. ఇంగ్లండ్‌లో పెద్ద జాతుల జింకలకు చట్టం కనీసం .240 క్యాలిబర్ అడుగుతుంది. .243 అక్కడ అంత ప్రాచుర్యం పొందడానికి అదీ ఒక కారణం.

కొత్తవాళ్లకు అదే మంచిది అన్న మాటతో నాకు సగమే అంగీకారం. తన్ను తక్కువ కాబట్టి నేర్చుకోవడం సులువు, అది నిజం. కానీ గురి కొంచెం తప్పినా, జంతువు ఓరగా నిలబడినా, చిన్న బుల్లెట్ లోపలిదాకా వెళ్లే హామీ తక్కువ. ఆ పొరపాట్లు చేసేది కొత్తవాళ్లే. కాబట్టి .243 ఓపిగ్గా ఆగి షాట్ వదులుకోగలిగిన అనుభవజ్ఞుడి చేతిలో ఎక్కువ రాణిస్తుంది.

నన్నడిగితే కొత్తవాళ్లకు 7ఎంఎం-08 ఇస్తాను. 140 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 850 మీటర్ల వేగం, తన్ను .308 కంటే తక్కువ. పేరు పెద్దగా మోగదు గానీ ఇంత సమతూకంగా ఉన్నది ఈ కుటుంబంలో మరొకటి లేదు. దీని ముందు తరం 1892 నాటి 7×57 మౌజర్, అదీ ఇలాగే చప్పుడు లేకుండా పనిచేసుకుంటూ పోయింది. 6.5 క్రీడ్‌మోర్ కూడా మంచి ఎంపికే, పైగా దాని మందుగుండు ఎక్కువ చోట్ల దొరుకుతుంది.

.270, .280, .30-06లలో ఏది ఎంచుకోవాలి?

మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవి, ఏది తీసుకున్నా తప్పు కాదు. .270లో 130 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 930 మీటర్లతో పోతుంది. బల్లపరుపుగా ప్రయాణిస్తుంది కాబట్టి మైదానాల్లో, కొండల్లో 300 గజాల దాకా ఎత్తు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. లోపమల్లా .277 అంగుళం బుల్లెట్లలో రకాలు తక్కువ, మామూలు 10 అంగుళాల ట్విస్ట్‌తో 150 గ్రెయిన్ల దగ్గర దారి దాదాపు ఆగిపోతుంది.

.280 ఆ లోపాన్ని సరిచేస్తుంది. 7 మిల్లీమీటర్ల బుల్లెట్లు 120 నుంచి 175 గ్రెయిన్ల దాకా బోలెడు. అయినా అది ఎప్పుడూ వెనకబడే ఉంది. మొదట్లో రెమింగ్టన్ తన సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను దృష్టిలో పెట్టుకుని ఒత్తిడి తగ్గించి లోడ్ చేసింది, .270 ముందు అది నీరసంగా కనిపించింది. తర్వాత 1979లో పేరును 7ఎంఎం ఎక్స్‌ప్రెస్ అని మార్చారు, జనం దాన్ని 7ఎంఎం మాగ్నంతో కలిపి గందరగోళపడ్డారు, చివరికి మళ్లీ .280 అన్నారు. సొంతంగా లోడ్ చేసుకునే వాళ్లకు ఇది బంగారం. కొట్లో దొరికిన పెట్టె కొనుక్కునే వాళ్లకు .270 లేదా .30-06.

7ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, .300 విన్‌చెస్టర్ మాగ్నం: అసలు మాగ్నం అవసరమా?

మొదటిది 1962, రెండోది 1963. రెండూ 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నం వంశం, అందుకే కేసు అడుగున ఆ పట్టీ. పొడుగ్గా వాలుగా ఉండే పాత కేసు చాంబర్‌లో సరైన చోట ఆగడానికి ఆ పట్టీ పనికొచ్చేది. ఈ రెండింటికీ పదునైన భుజం ఉంది కాబట్టి పట్టీ పని పెద్దగా లేదు, ఆనవాయితీగా మిగిలింది.

7ఎంఎం మాగ్నం 150 గ్రెయిన్లను సెకనుకు 945 మీటర్ల దగ్గర పంపుతుంది. .300 మాగ్నం 180 గ్రెయిన్లను 900 మీటర్లతో పంపుతుంది. అంటే .30-06 కంటే సెకనుకు 80 మీటర్లు ఎక్కువ. ఇది .308కీ .30-06కీ ఉన్నలాంటి నామమాత్రపు తేడా కాదు. 400 గజాల అవతల ఎల్క్ లాంటి పెద్ద జంతువును కాల్చగల నైపుణ్యం ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుంది. దానికి తగ్గ ధరా ఉంది: శబ్దం, తన్ను, ఖరీదైన మందుగుండు. దాంతో ప్రాక్టీస్ తగ్గుతుంది. 200 గజాల లోపల వేటాడే వాళ్లు మాగ్నం కొని, తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం మామూలే.

ఈ రెండింట్లో ఎంచుకోవాల్సి వస్తే, జింకలూ అప్పుడప్పుడు ఎల్క్ అయితే 7ఎంఎం, పెద్ద జంతువులే ముఖ్యమైతే .300.

తన్ను తేడాను అంకెల్లో చెప్పగలరా?

3.6 కిలోల రైఫిల్‌కు మామూలు లోడ్లతో లెక్క వేస్తే వెనక్కి తన్నే శక్తి దాదాపు ఇలా ఉంటుంది: .243కి 13 జౌల్స్, 6.5 క్రీడ్‌మోర్‌కు 17, 7ఎంఎం-08కి 19, .308కి (150 గ్రెయిన్లు) 22, .270కి 24, .30-06కి (180 గ్రెయిన్లు) 30, 7ఎంఎం మాగ్నంకు 32, .300 మాగ్నంకు 40. రైఫిల్ బరువు తగ్గితే అదే నిష్పత్తిలో తన్ను పెరుగుతుంది. మూడు కిలోల కొండ రైఫిల్‌లో .30-06 మీద మోజు పడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వెనక రబ్బరు ప్యాడ్, కట్ట (భుజానికి ఆనించే స్టాక్) ఆకారం, రైఫిల్ భుజానికి ఎలా అమరింది అన్నవి ఈ లెక్కలోకి రావు గానీ భుజానికి తెలుస్తాయి.

పెట్టె మీద రాసిన శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

కాదు. ఆ అంకెకు చట్టంలో విలువ ఉంది. జర్మనీలో రో జింకకు 100 మీటర్ల దగ్గర కనీసం 1000 జౌల్స్ ఉండాలి, అంతకంటే పెద్ద గిట్టల జంతువులకు 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 2000 జౌల్స్. స్వీడన్‌లో మూస్ తరగతికి 9 గ్రాముల బుల్లెట్ అయితే 100 మీటర్ల దగ్గర 2700 జౌల్స్, 10 గ్రాములు దాటితే 2000 చాలు. 6.5×55లోని 156 గ్రెయిన్ల బుల్లెట్ 10.1 గ్రాములు ఉంటుంది, ఆ రెండో దారిలోనే చట్టానికి సరిపోతుంది. మీరు ఎక్కడ వేటాడినా అక్కడి నియమం ముందు చూసుకోవాలి.

జంతువు పడిపోవడం మాత్రం శక్తి అంకె మీద ఆధారపడదు. బుల్లెట్ ఎక్కడ తగిలింది, తగిలాక విచ్చుకుందా, ఎంత లోపలికి వెళ్లింది అన్నవే ముఖ్యం. చాలా వేట బుల్లెట్లు విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు 550 నుంచి 600 మీటర్ల వేగం ఉండాలి. మీ కార్ట్రిడ్జ్‌తో ఎన్ని గజాల దాకా ఆ వేగం మిగులుతుందో చూడండి. అదే మీ అసలు హద్దు, గురి అంతకంటే దూరం కుదిరినా సరే.

సీసం లేని రాగి బుల్లెట్లు వాడితే ఈ పోలికలు మారతాయా?

కొంత మారతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధం, ఇతర చోట్ల కూడా నిబంధనలు వస్తున్నాయి. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి ఒకే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవు పెరిగితే ట్విస్ట్ వేగంగా కావాలి, కేసులో చోటూ తగ్గుతుంది. విచ్చుకోవడానికి వేగం కూడా కాస్త ఎక్కువ అడుగుతుంది. అందుకని రాగికి వెళ్లేటప్పుడు ఒక మెట్టు తేలిక బుల్లెట్ తీసుకోవడం మంచి పద్ధతి: .308లో 165 బదులు 150 లేదా 130, .270లో 130 బదులు 110 దగ్గర. రాగి విడిపోకుండా బరువంతా నిలుపుకుంటుంది కాబట్టి తేలికైనా బాగా లోపలికి వెళుతుంది. .243కి ఇది నిజంగా మేలు చేసిన మార్పు.

బ్యారెల్ పొట్టిదైతే ఏ కార్ట్రిడ్జ్ ఎక్కువ నష్టపోతుంది?

ఎక్కువ మందు, సన్నటి రంధ్రం ఉన్నది. మామూలుగా అంగుళానికి సెకనుకు 6 నుంచి 9 మీటర్లు తగ్గుతుంది. .308 తక్కువ నష్టపోతుంది, .270, మాగ్నంలు ఎక్కువ. సైలెన్సర్ తగిలించి 16, 18 అంగుళాల బ్యారెల్‌తో అడవిలో తిరిగేవాళ్లకు .308 మంచి ఎంపిక. అంత పొట్టి బ్యారెల్‌తో 7ఎంఎం మాగ్నం కొంటే మందు ఖర్చు, మంట, మోత మిగులుతాయి తప్ప వేగం మిగలదు.

ఏ బ్యారెల్ తొందరగా అరిగిపోతుంది?

ఇదీ అదే లెక్క: సన్నటి రంధ్రంలోంచి ఎక్కువ మందు మండితే గొంతు భాగం (బ్యారెల్‌లో గాడులు మొదలయ్యే చోటు) త్వరగా కాలిపోతుంది. .243, మాగ్నంలు ముందు, 6.5 క్రీడ్‌మోర్ మధ్యలో, .308 అన్నిటికంటే ఎక్కువకాలం. ఏడాదికి రెండు పెట్టెలు కాల్చే వేటగాడికి ఈ బెంగ అనవసరం.

ఒకదాని రౌండు ఇంకోదాని రైఫిల్‌లో వేయొచ్చా? చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా!

వద్దు. వ్యాసం ఒకటే కావడం, రౌండు లోపలికి పట్టడం, ఏదీ సరిపోతుందనడానికి రుజువు కాదు. .30-06 చాంబర్‌లో .308 వేస్తే లోపల వదులుగా ఉండి కేసు చీలి, మండిన వాయువు కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు. .223 రైఫిల్‌లో .300 బ్లాక్‌అవుట్ కొన్ని సందర్భాల్లో బోల్ట్ మూసుకునేంతగా పడుతుంది. అప్పుడు .30 బుల్లెట్ .22 రంధ్రంలోకి దూరాలి, రైఫిల్ పేలిపోతుంది. రెండూ ఒకే మ్యాగజీన్‌లో పడతాయి కాబట్టి ఆ రెండు రైఫిళ్లూ ఉన్నవాళ్లు వాటి రౌండ్లను ఒకే సంచిలో పెట్టుకోకూడదు.

పాత జర్మన్ రైఫిళ్లతో ఇంకో చిక్కు. 8×57ఐ బుల్లెట్ .318 అంగుళం, 8×57ఐఎస్ బుల్లెట్ .323. పేరులో ఒక్క అక్షరమే తేడా, కానీ పెద్ద బుల్లెట్‌ను చిన్న రంధ్రంలోకి పంపితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. .280 విషయంలో తయారీదారులే జాగ్రత్త తీసుకున్నారు. .270 చాంబర్‌లో అది దూరకుండా భుజాన్ని కాస్త ముందుకు జరిపారు.

బ్యారెల్ మీద చెక్కిన పేరూ, కేసు అడుగున ఉన్న పేరూ అక్షరం అక్షరం సరిపోవాలి. చెక్కినది అరిగిపోయినా, ఎవరో చాంబర్ మార్చారని అనుమానమున్నా తుపాకీ మెకానిక్‌తో కొలిపించకుండా కాల్చొద్దు.

.223 రెమింగ్టన్, 5.56 ఒకటే అంటారు, నిజమేనా?

కేసు బయటి కొలతలు దాదాపు ఒకటే. చాంబర్ ముందు భాగం వేరు. 5.56 చాంబర్‌లో బుల్లెట్ గాడుల్ని తాకే ముందు కాస్త ఎక్కువ ఖాళీ దూరం ఉంటుంది. 5.56 రౌండును బిగుతైన .223 చాంబర్‌లో కాలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, సామీ దాన్ని సురక్షితం కాని జతల్లో చేర్చింది. 5.56 రైఫిల్‌లో .223 కాల్చడంలో ఇబ్బంది లేదు.

నా దగ్గర .308 ఉంది. కొత్త రైఫిల్ కొనకుండా 7ఎంఎం-08గానో 6.5 క్రీడ్‌మోర్‌గానో మార్చుకోవచ్చా?

బోల్ట్ రైఫిల్ అయితే సాధారణంగా బ్యారెల్ మారిస్తే చాలు. .308, .243, .260, 7ఎంఎం-08, 6.5 క్రీడ్‌మోర్, అన్నిటి కేసు అడుగు దాదాపు 12 మిల్లీమీటర్లే, కాబట్టి బోల్ట్ ముఖం మార్చక్కర్లేదు, మ్యాగజీన్ కూడా ఎక్కువసార్లు అదే పనిచేస్తుంది. మాగ్నంకు మారాలంటే బోల్ట్ ముఖం పెద్దది కావాలి, .223కు చిన్నది, అక్కడ ఖర్చు పెరుగుతుంది. కొత్త బ్యారెల్ బిగించాక హెడ్‌స్పేస్‌ను (చాంబర్‌లో రౌండుకు బోల్ట్ ముఖం దాకా ఉండే చోటు) గేజ్‌తో చూపించుకుని, కొత్త పేరును బ్యారెల్ మీద చెక్కించండి. బ్యారెల్ మార్పుకు విడిగా అనుమతి కావాల్సిన చోట్లూ ఉన్నాయి, పని మొదలుపెట్టకముందే ఆ కాగితాలు చూసుకోండి.